ఆరూ నలభైకి పరిగెత్తే గుండె ఆస్తుల పంపకం

ఈ కాగితం ఎవరి చేతికి వస్తే వాళ్ళకి తెలియజేసేది ఏమిటంటే: నేను, ఈ ఇంటి పెద్ద కూతుర్ని, వయసు పదహారు, బాత్రూం గడియ పెట్టుకుని, చప్పుడు కోసం కుళాయి తిప్పి ఉంచి, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి ఇది రాస్తున్నాను. బుద్ధి స్థిరంగానే ఉంది. ఒళ్ళే మాట వినడం లేదు. మైనర్ రాసిన వీలునామా చెల్లదని తెలుసు. ఈ ఇంట్లో నా మాట ఇప్పటిదాకా ఏది చెల్లింది గనక.

నేనేమీ చేసుకోబోవడం లేదు, ఎవరూ కంగారు పడొద్దు. సంగతేంటంటే, రేపు పదకొండింటికి గుండె డాక్టర్ మేడం అమ్మనీ డాడీనీ ఇద్దర్నీ తీసుకురమ్మంది. నా దగ్గర రెండు డైరీలున్నాయి. ఒకటి అబద్ధం, ఒకటి నిజం. నిజంది ఆవిడ చేతిలో పెడితే ఆ తర్వాత ఈ ఇంట్లో నా పరిస్థితి ఏంటో నాకే తెలీదు. అందుకే ముందుగా పంచేస్తున్నా.

దీన్ని అమలు చేసే బాధ్యత అమ్మమ్మది. అమ్మమ్మకి ఇంగ్లీష్ రాదు, అందుకే తెలుగులో రాస్తున్నా. ఎక్కడైనా అర్థం కాకపోతే మా స్కూల్ని తిట్టుకో అమ్మమ్మా, నన్ను కాదు.

1. నా అల్మరాలో, స్వెటర్ల వెనక ఉన్న ఏడు గ్యాస్ సిరప్ సీసాలు, సగం సగం తాగినవి, మా వీధి చివర డాక్టర్ గారికి వాపసు. రెండేళ్ళ పాటు నేను ఎప్పుడెళ్ళినా నా పొట్ట మీద పుచ్చకాయ కొన్నట్టు రెండు సార్లు కొట్టి "గ్యాసమ్మా" అన్నారు. ఆయన తప్పు లేదు. ఇంట్లో ఎలా ఉందని ఆయన అడగలేదు, అడిగినా నేను చెప్పేదాన్ని కాదు.

2. తలనొప్పికని నాకు పెట్టించిన కళ్ళజోడు పిన్నికి. నా తలనొప్పికీ, జుట్టు ఊడటానికీ, నెలకోసారి వచ్చే జలుబుకీ, చేతివేళ్ళ తిమ్మిరికీ కారణం ఫోనేనని కనిపెట్టింది పిన్నే. ఆ కనిపెట్టడం కూడా ఫోన్‌లో వీడియో చూస్తూనే చేసింది.

3. లెక్కల సార్‌కి నా క్షమాపణ. తలుపు దబ్బున వేశారని నేను బెంచి కిందకి దూరింది మీ క్లాసంటే లెక్కలేక కాదు సార్. నాకు తెలీకుండానే దూరిపోయా. పెన్ను పడిందని చెప్పా. పెన్ను చేతిలోనే ఉంది. మీరూ చూశారు.

4. డాడీకి నా నల్ల హెడ్‌ఫోన్స్. పాట పెద్దగా పెట్టుకున్నా మన ఇల్లు ఎలా వినిపిస్తుందో ఒక్కసారి వినాలి. డాడీ చెయ్యి చేసుకోడు. చుట్టాలందరూ ఆ ఒక్క మాటనే సర్టిఫికెట్‌లాగా ఫ్రేం కట్టి చూపిస్తారు. చెయ్యి చేసుకోడు, నిజమే. గ్లాసు మీద, కుర్చీ మీద, తలుపు మీద చేసుకుంటాడు. ఆ తర్వాత వచ్చి నా తల నిమిరి "నిన్నేం అన్లేదుగా, నువ్వెందుకు వణుకుతున్నావే" అంటాడు. ఆయనకి నిజంగానే తెలీదు. నాకూ తెలిసేది కాదు.

5. అమ్మకి నా పోస్ట్‌మ్యాన్ ఉద్యోగానికి రాజీనామా. గొడవైతే అమ్మ నాలుగు రోజులు డాడీతో మాట్లాడదు, అన్నీ నా ద్వారానే. "ఆ మనిషికి చెప్పు, ఇది ఇల్లా సంతా అని" అంటే నేను అవతల గదికెళ్ళి "భోజనం రెడీ అంట డాడీ" అని డెలివరీ చేసేదాన్ని. ఆయన "నాకేం వద్దని చెప్పు మీ అమ్మకి" అంటే ఇటొచ్చి "రెండు నిమిషాల్లో వస్తారంట" అనేదాన్ని. మీ కాపురంలో సగం డైలాగులు నావే. కృతజ్ఞతలు అక్కర్లేదు.

6. అమ్మమ్మకి ఒక నిజం. పోయిన సెలవుల్లో మీ ఇంట్లో పదకొండు రోజులున్నా కదా. ఆ పదకొండు రోజులూ నాకు కడుపునొప్పి రాలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే అక్కడికి పంపడం కూడా ఆపేస్తారని భయం.

7. ఇప్పుడు గుండె సంగతి. ఊరికే కూర్చున్నా దడదడలాడుతోందని మేడం నా ఛాతీకి స్టిక్కర్లు అంటించి, నడుముకి చిన్న డబ్బా కట్టి, ఒక రోజంతా ఉంచుకోమంది. ఏ టైంకి ఏం చేస్తున్నావో డైరీ రాయమంది. నేను చక్కగా రాశా: ఆరూ ముప్పైకి చదువు, ఆరూ నలభైకి చదువు, ఏడుకి చదువు. అంత చదివుంటే ఈపాటికి నేనే డాక్టర్ అయ్యేదాన్ని.

మేడం డబ్బా గీసిన గీతల్నీ నా డైరీనీ పక్కపక్కన పెట్టి "ఆరూ నలభైకి గుండె నిమిషానికి నూట ముప్పై ఎనిమిది సార్లు కొట్టుకుంది. కుర్చీలో కూర్చుని ఏం చదివావమ్మా" అంది. నేను "ట్రిగొనామెట్రీ" అన్నా. ఆవిడ నవ్వలేదు. అమ్మని బయట కూర్చోబెట్టి తలుపేసింది.

గుండె బాగానే ఉందట. నేను నమ్మలేదు, మళ్ళీ అడిగా. బాగానే ఉందట. ప్రమాదం వస్తే మోగే బెల్లు ఒకటి ఒంట్లో ఉంటుందట. అది మోగితే గుండె పరిగెడుతుంది, పొట్ట పని ఆపేస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి. పారిపోవడానికి మంచిదే. కానీ ఎదిగే పిల్లల దగ్గర అది రోజూ మోగితే, ఏళ్ళ తరబడి మోగితే, ఆగడం మర్చిపోతుందట. తర్వాత గ్లాసు పడినా, తలుపు పడినా అదే మోత. నిద్ర, పొట్ట, జలుబుని ఆపే శక్తి, జ్ఞాపకం, అన్నీ దాని కిందే నలుగుతాయట. "నువ్వు నటించడం లేదు, నీ నొప్పి నిజమైన నొప్పే" అంది. అక్కడ ఏడ్చా. "ఈ బెల్లుకి మళ్ళీ ఆగడం నేర్పొచ్చు, కానీ అదెందుకు మోగుతోందో నాకు తెలియాలి" అని కొత్త పుస్తకం ఇచ్చింది, ఈ వారం నిజం రాసుకురమ్మని.

8. చెల్లికి, అంటే మా బఠానీకి, వయసు ఎనిమిది: గోడవైపు మంచం, నా నీలం స్వెటర్, రంగు పెన్సిళ్ళు మొత్తం. ఇంకా ఒక తప్పు ఒప్పుకోవాలి.

డాడీ వచ్చేముందు లిఫ్ట్ ఆగుతుంది, తర్వాత తాళాలు టేబుల్ మీద పడతాయి. మెల్లగా పెడితే ఒకటి, విసిరితే ఐదు. మూడు దాటితే టీవీ కట్టెయ్యాలి, నవ్వకూడదు, నీళ్ళ గ్లాసు అంచున పెట్టకూడదు. ఈ లెక్క నేనే కట్టాను. బఠానీకి ఆటలాగా నేర్పాను, కాపాడుతున్నాననుకుని. అది నాకంటే బాగా నేర్చుకుంది. నేను తాళాలు విని చెప్పేది, అది లిఫ్ట్‌లోంచి వచ్చే అడుగులతోనే చెప్పేస్తుంది. "నాలుగక్కా" అని వేళ్ళు చూపించి సోఫా వెనక్కి వెళ్ళిపోతుంది.

పోయిన బుధవారం దాని స్కూల్ నుంచి ఫోన్. హెడ్ మేడం తాళాల గుత్తి తిప్పుతూ క్లాసులోకి వచ్చిందట, బఠానీ డెస్కు మీదే వాంతి చేసుకుంది. పొద్దున తిన్నది అరగలేదని అమ్మ అంది.

కాబట్టి నిజం డైరీ డాక్టర్ మేడంకే. నా కోసమైతే ఇంకో రెండేళ్ళు ట్రిగొనామెట్రీతో నెట్టుకొచ్చేదాన్ని.

9. ఇది బాత్రూంలో కాదు, ఆసుపత్రి వరండాలో రాస్తున్నా. అయిపోయింది.

నిజం డైరీ ఇచ్చా. మేడం నన్నే చదవమంది. పుస్తకం తెరిచా. వేళ్ళు తిమ్మిరెక్కి పేజీ పట్టు తప్పింది. అమ్మ నా చేతిలోంచి లాక్కుంది. చింపేస్తుందనుకున్నా. చదవడం మొదలుపెట్టింది. వంటింట్లో లిస్టు చదివినట్టు, గొంతు ఎత్తకుండా, దించకుండా. "సోమవారం ఆరూ ముప్పై ఎనిమిది, లిఫ్ట్ ఆగింది. ఆరూ నలభై, తాళాలు, నాలుగు. బఠానీ సోఫా వెనక." అలా ఏడు రోజులు.

మధ్యలో డాడీ "గురువారం నేనసలు ఏమీ అన్లేదే" అన్నాడు. మేడం "అవును సార్, మీరు ఏమీ అనకముందే వీళ్ళకి మొదలవుతోంది" అంది. డాడీ గోడ మీద గుండె బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఏమనుకున్నాడో నాకు తెలీదు. ఆయన తాళాలు విని చెప్పగలను గానీ మౌనం విని చెప్పలేను.

వచ్చే మంగళవారం నలుగురం రావాలట. డాడీ వస్తానని అన్లేదు, రానని కూడా అన్లేదు. అమ్మ మాత్రం ఆయన మొహం చూసి, నాతో కాదు, నేరుగా ఆయనతోనే "నేనూ పిల్లలూ వస్తాం, మీ ఇష్టం" అంది.

పై క్లాజులన్నీ అలాగే ఉంచుతున్నా. ఆస్తులు నా దగ్గరే ఉంటాయి, నేనూ ఉంటున్నా కాబట్టి.

తేదీ: ఫిబ్రవరి పద్నాలుగు, మధ్యాహ్నం పన్నెండూ పది.

సంతకం: పెద్దది

సాక్షులు (లోపల ఏముందో చదవక్కర్లేదట, నేను సంతకం పెట్టడం చూస్తే చాలట, అందుకే పైనంతా చేత్తో మూసి పట్టుకున్నా):

ఒకటి: స్టిక్కర్లు పీకిన నర్సక్క. "ఏంటిది, లవ్ లెటరా" అంటూనే పెట్టింది.

రెండు: అమ్మ. ఏం కాగితమని అడగలేదు. ఎక్కడ పెట్టాలని మాత్రం అడిగింది.