స్టేజీ లేని మీటింగుకి స్టేజీ

ఆదివారం, జూన్ 1996
నెహ్రూ నగర్

నా మీద నాకే ఒళ్ళు మండిపోతోంది.

సెమినార్లలో పెద్దోళ్ళు పేపర్లు చదువుతుంటే మేం మెకానిక్కులందరం కునికిపాట్లు పడతాం. టీకి బయటకొచ్చాకే అసలు పని మాటలు మొదలవుతాయి. అందుకే స్టేజీ, మైకు లేకుండా, ఎవుడికేటి కావాలో ఆడే అడిగేలా ఒక మీటింగు పెడదామని ఏడాదిగా చెవిలో జోరీగలా అందరినీ పోరింది నేనే.

ఇవాళ నాలుగు చిన్న ఫ్యాక్టరీల నుంచి ముప్ఫై మంది వచ్చారు. మరి నేనేటి చేసాను? మా ఫ్యాక్టరీ ఓనరు సేఠ్ కూడా వస్తాననగానే స్టేజీ వేయించాను, దండ తెప్పించాను, మైకు పెట్టించాను. దండ వేసినాక మాట్లాడొద్దని ఎలాగంటాం? ఆయన గంట మాట్లాడాడు. వందన సమర్పణ పేరుతో నేనింకో పావుగంట తిన్నాను. టీ తాగి అందరూ ఇళ్ళకి పోయారు.

పక్క ఫ్యాక్టరీలో క్రేను నడిపే అప్పన్న సంచిలో అరిగిపోయిన బ్రేకు లైనరు తెచ్చాడు, క్రేను ఎత్తిన బరువుని జారకుండా పట్టేది అదే. కొత్తది వేసినా నెల్లోనే ఒక పక్క అరిగిపోతోందట. ఎందుకో ఎవులైనా చెప్తారని ఆశ.

"మరి అడగలేదేటిరా?" అన్నాను గేటు దగ్గర.

"మైకులో ఏటడుగుతాం భయ్యా? ఛోడో, వదిలెయ్," అని సంచి సైకిలుకి తగిలించుకుని ఎల్లిపోనాడు.

ఆ లైనరు నేనైనా చేతిలోకి తీసుకుని చూడలేదు. అద్దె కుర్చీలు అప్పజెప్పే తొందరలో ఉన్నాను.

రేపు ఆరింటికి ఆడు అదే క్రేను ఎక్కుతాడు. కింద మనుషులుంటారు.