మిరపకాయల మూకుడు, మూడో వాయి కాఫీ

నరసరావుపేట వాస్తవ్యుడు, మిర్చి కొట్టు పీర్ సాహెబ్ గారి పెద్ద కొడుకు, బీకాం పాసైన షేక్ జావీద్ అనే నేను, ఇరవై నాలుగేళ్ల వయసులో, బుర్ర సక్రమంగానూ పిత్తాశయం అక్రమంగానూ ఉన్న స్థితిలో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఏమనగా:

రేపు గుంటూరులో నా పిత్తాశయాన్ని రాళ్లతో సహా తీసేస్తారు. చిన్న ఆపరేషనే అన్నారు. కానీ నెల రోజులు కాఫీ ముట్టొద్దన్నారు. నేను వేయించిన గీషా కాఫీ వారం డబ్బాలో ఆగితేనే రుచి తేలుతుంది, నెల దాటితే వాసన పోతుంది. కాబట్టి బతికొచ్చినా ఆ కాఫీ వరకు నేను పోయినట్టే.

1. గీషా అరుదైన రకం. అరకు తోటలో పనిచేసే మిత్రుడు చైతన్య కిలో పచ్చిగింజలు పంపాడు. మొదటి వాయి మా దాదీమా అమీనా బీ మిరపకాయలు వేయించే మూకుట్లో వేశాను. మూడుసార్లు తోమానని ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను. అయినా ఇరవయ్యేళ్ల ఘాటు లేచి వీధంతా దగ్గింది. కొత్త మూకుడు తెచ్చి, ఫోన్లో టైమర్ చూస్తూ రెండో వాయి మాడ్చాను. మూడోసారి దాదీమా గరిటె లాక్కుంది. "ఒరేయ్, మిరపకాయ దించేటప్పుడు గడియారం చూస్తామంట్రా? ముక్కు చెప్పినప్పుడు దించాల." గింజలు చిటపటలాడి మల్లెపూల వాసన రాగానే దించేసింది.

2. మొదటి వాయి ఎదురింటి మెకానిక్ నాగూర్ వలి మామకు. ఆ రోజు ఆయన షట్టర్ దించుకుని నన్ను తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవే. జలుబుకు వాడుకోవచ్చు.

3. మాడిన రెండో వాయి తమ్ముడు షాహిద్‌కు. ఇదివరకు నేను కొనితెచ్చిన మంచి కాఫీలో పాలు పోసి, మూడు చెంచాల చక్కెర వేసి "ఏంది భాయ్, కషాయమా" అన్నవాడికి ఇది చాలు.

4. నా రాళ్లు దుర్గిలో శిల్పాలు చెక్కే గోపీనాథ్‌కు. నా పోలిక రానక్కర్లేదు.

5. మూడో వాయి యావత్తూ దాదీమాకు. డెబ్బై ఏళ్లుగా టీ తప్ప తాగని మనిషి. ఆమె బాగుందంటే కాఫీ కొట్టు పెట్టుకోమనీ, లేదంటే మిర్చి కొట్లో కూర్చోమనీ నాన్న తేల్చేశాడు. అందుకని షరతు: వచ్చే బుధవారం పాలూ చక్కెరా లేకుండా ఒక కప్పు తాగాలి. మనవడి మీద జాలితో అబద్ధం చెప్పకూడదు. ఉమ్మేసినా సరే, ఉన్నదున్నట్టు నాకు చెప్పాలి.

తేది: 12-11-2025
(సం.) షేక్ జావీద్

సాక్షులు:
1. నాగూర్ వలి (దగ్గుతూ)
2. అమీనా బీ, వేలిముద్ర

గమనిక: ఆస్తి పొందేవాళ్లు సాక్షి సంతకం చేయకూడదని కాలేజీలో చెప్పారు. ఆ మాట దాదీమాకు చెప్పే ధైర్యం లేకపోయింది. పైగా వేలిముద్ర వేస్తూ ఆమె నా షరతు మార్చేసింది: "బుధవారమూ లేదు, గిధవారమూ లేదు. నువ్వొచ్చి నా పక్కన కూచున్నాకే డబ్బా మూత తీసేది."