సత్తిబాబు మంచు బండి

సత్తిబాబూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ అరబ్బు ఎడారిలో, అమ్ఘరా తుక్కు యార్డులో నీ బండిని నేనే కోశాను. యజమాని "ఖలాస్, ముక్కలు చేసెయ్" అనగానే గ్యాస్ కట్టర్ అందుకున్నాను.

మంచులో తిరిగే పాతకాలపు బండి ఫొటో చూసి, నీ బండికి చక్రాల బదులు, మరమేకుకున్నట్టు చుట్లు తిరిగిన రెండు పీపాలు బిగించావు. ఇసుకలో భలే నడిచింది. కానీ ఇసుక దాకా వెళ్లే తారు రోడ్డు మీద కదల్లేదు, లారీలో మోయాల్సి వచ్చింది. ఆ మంచు బండ్లూ అలాగే మూలపడి ఉంటాయి.

వెల్డింగంతా నాది. ఇంజనీరన్న పేరు నీది. నాకు కడుపు మండేది. బండి ముక్కలైతే ఆ పేరూ పోతుందనుకున్నాను.

ఇవాళ సాయంత్రం టీ దగ్గర కొత్త డ్రైవరు నేనెవరని అడిగాడు. మన కోనసీమవాళ్లే చెప్పారు: "సత్తిబాబు బండి కోసింది ఈయనేనండి."