మడుగు దాటి దిగాం

త్రినిదాద్, బేనీ

చి. డెల్మీరాకు, రేడియోలో విన్నావేమో, నేను క్షేమం.

బుధవారం పశువుల ఎస్టేటులో విమానం దించబోతుంటే ఇంజన్ ఆగిపోయింది. వేగం తగ్గించి విమానాన్ని దించడానికి రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాపులు అప్పటికే సగం దించి ఉన్నాను. ముందు మడుగు.

"ఇంకా దించు బాబూ, నేల కనబడుతోందిగా," అంది వెనక కోళ్ల బుట్టతో కూర్చున్న సతుర్నీనా అవ్వ.

ఫ్లాపులు ఇంకా దించితే వేగం పోయి మడుగులోనే పడతాం, వాటిని ఒక్కసారిగా ఎత్తేసినా కుంగిపోతాం. వేగం తగ్గనివ్వకుండా కొద్దికొద్దిగా ఎత్తి, మడుగు దాటాకే పూర్తిగా దించాను. ఎప్పటిలా పైన ఒక చుట్టు తిరిగి ఆవుల్ని బెదరగొట్టే వీల్లేక వాటి మధ్యే ఆగాం.

"నా కోళ్లు నీకంటే మెత్తగా దిగుతాయి," అంది అవ్వ, బుట్ట తడుముకుంటూ.

కర్రపెండలం పిండితో చేసే కునాపే రొట్టెల్లో జున్ను ఎంత వెయ్యాలో రాయి, నావి రాళ్లవుతున్నాయి.

మీ అమ్మ ఉండగా ఇలాంటివి ఇంటికొచ్చి ఆమెకే చెప్పేవాణ్ణి. ఈసారి నీకు రాశాక గానీ ఆకలి వేయలేదు.

అల్లుడికి, పాపకు ఆశీస్సులు.

నాన్న