కోస్ట్ గార్డ్ హెలికాప్టర్, నా కుడిచెయ్యి

సెప్టెంబర్ 14
హరికిషన్ సేఠ్ ఇంటికొచ్చి ఒక డబ్బా ఇచ్చాడు. నీలద్వీపం అనే దేశపు కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ బొమ్మ కిట్, ముక్కలు అతికించి కట్టేది. అలాంటి దేశమే లేదు. పక్షవాతం తర్వాత నా చెయ్యి వణుకుతోంది కదా, ఇది కట్టి తెస్తే మళ్లీ తన వాచ్ షాపులో కూర్చోబెడతాడట. ఇరవై రెండేళ్లుగా వాచీలు బాగుచేసిన మెకానిక్‌కు బొమ్మల పరీక్ష. ఒళ్లు మండింది.

సెప్టెంబర్ 17
పైలట్ సీటు అతికించాను. వంకర.

సెప్టెంబర్ 18
పద్మారావు నగర్‌లో ఫిజియోథెరపీకి వెళ్లొచ్చి చూస్తే సీటు తిన్నగా ఉంది. ఆరేటప్పుడు సర్దుకుందేమో.

సెప్టెంబర్ 24, సాయంత్రం 5
కిటికీలు, రోటర్, అన్నీ మర్నాటికి చక్కగా ఉంటున్నాయి. చెయ్యి బాగవుతోందని నిన్న ఏడ్చాను కూడా. కానీ అదే చేత్తో చాయ్ పట్టుకుంటే సగం సాసర్‌లో ఉంటోంది.

నువ్వేమైనా సర్దుతున్నావా అని మగ్గం వర్క్ చేసుకుంటున్న నా భార్య కల్పలతను అడిగాను. తల ఎత్తలేదు. నాకేం ఎరుక, పెండ్లి బ్లౌజులు అయిదు పెండింగున్నయి, నీ బొమ్మ జోలికి నేనెందుకొస్త అంది. మరీ గబగబా చెప్పింది.

సెప్టెంబర్ 27
కావాలనే హెలికాప్టర్ తలుపు తలకిందులుగా అతికించి ఫిజియోథెరపీకి వెళ్లాను. వచ్చేసరికి సరిగ్గా ఉంది. నువ్వే చేసి మర్చిపోయినవేమో, జెర యాది చేస్కో అంది కల్పలత. భయమేసింది. చేతితో పాటు బుర్ర కూడా పోయిందా?

అక్టోబర్ 2, దసరా
పనిముట్లకు పూజ. ఏడాదంతా చేతిలో ఆడిన వస్తువును పూజలో పెట్టకపోతే పాపమని కల్పలత నమ్మకం. నా పళ్లెంలో స్క్రూడ్రైవర్లు. ఆమె పళ్లెంలో మగ్గం సూది, కత్తెర, ఒక ట్వీజర్. ట్వీజర్ మొనకు ఆరిన గ్లూ, హెలికాప్టర్ నారింజ రంగు. దానికీ పసుపు, కుంకుమ పెట్టింది. నాతో అబద్ధమాడింది గానీ, పూజలో దాన్ని పక్కన పెట్టలేకపోయింది.

నేను చూస్తుండటం చూసింది. సేఠ్ నీ జాగల వేరే మనిషిని చూస్తుండంట, పని లేకుంటే నువ్వు పరేషానై పోతవని చేసిన అంది. కోపం రాలేదు. సిగ్గేసింది.

అక్టోబర్ 5
ఆమె అతికించినవన్నీ ఊడదీశాను. మళ్లీ నేనే అతికించాను. ఆమె ఎదురుగా కూర్చుని చేతులు కట్టుకుంది. తోక వంకరగా వచ్చింది.

అక్టోబర్ 6
షాపుకు తీసుకెళ్లి ఇస్తే సేఠ్ వంకర తోకను వేలితో తడిమాడు. గోడ గడియారాలతో షురూ చెయ్యి, వాటి ముళ్లు పెద్దగుంటయి అన్నాడు.