పుట్టనివారి చెట్లు

ఫోగెల్‌రోడ, కింది వీధి
ఆగస్టు 4

గ్రామ కార్యాలయం గుమాస్తా కెస్టింగ్ గారికి నమస్కారాలు.

జూన్ వానకు కొండవాలు మీది మట్టి మా వంటింట్లోకి వచ్చింది. ఎత్తి పోస్తే నలభై బకెట్లు. పురుగు పట్టి స్ప్రూస్ చెట్లన్నీ చచ్చాక వాలు బోడిగా ఉంది. ఊళ్లో బిడ్డ పుడితే అక్కడ ఒక మొక్క నాటాలని మన నిబంధన. నిరుడు పుట్టింది ఇద్దరు, నాటింది రెండు మొక్కలు.

భూమికి ఇంకా భారం పెంచకూడదని నేనూ, నా భర్త టోర్బెన్ పిల్లల్ని వద్దనుకున్నాం. పుట్టిన బిడ్డకు మొక్క ఇస్తున్నప్పుడు పుట్టని బిడ్డకూ ఇవ్వాలి. ఫారం జతచేశాను.

ఇట్లు,
విబ్కె హార్నిష్

తా.క. 'పిల్లల సంఖ్య' ఖాళీగా వదిలితే ఫారం తీసుకోరట. మూడు అని రాశాను.

ఆగస్టు 12

శ్రీమతి హార్నిష్ గారికి,

మీ ఉత్తరం ఫైలులో పెట్టాను, ఫారం చదివాను. ముగ్గురు బిడ్డలకు గ్రామం తరఫున అభినందనలు. అయితే ఒక్కరి పుట్టిన తేదీ కూడా రాయలేదు. బిడ్డ పుట్టిన వారంలోగా నమోదు చేయించాలి. ముగ్గురినీ దాచడం చిన్న విషయం కాదు. తనిఖీకి మనిషిని పంపుతున్నాం. కానుకగా పసిపిల్లల మెడకు కట్టే బిబ్బులు మూడు కూడా.

భవదీయుడు,
ఒట్మార్ కెస్టింగ్

తా.క. మా ఆవిడ రోజూ మీ ఇంటి ముందునుంచే వెళ్తుంది. పిల్లల ఏడుపు ఒక్కనాడూ వినలేదట. బాగా పెంచుతున్నారు.

ఆగస్టు 20

కెస్టింగ్ గారూ,

మాకు పిల్లలు లేరు. ఉండరు. తనిఖీ ఆవిడ వచ్చి మంచం కింద వంగి చూసింది. "ఎక్కడ పెట్టారమ్మా?" అంది. "కనలేదండీ" అన్నాను. "ముగ్గురినీనా?" అంది.

ఈసారి ఉత్తరం చదవండి.

విబ్కె హార్నిష్

తా.క. బిబ్బులు రెండే తిప్పి పంపుతున్నాను. మూడోది టోర్బెన్ సూప్ తాగేటప్పుడు కట్టుకుంటున్నాడు.

సెప్టెంబరు 1

శ్రీమతి హార్నిష్ గారికి,

చదివాను. ఇలాంటి దరఖాస్తు ఇంతకుముందు రాలేదు. కనని పిల్లలు ముగ్గురే అనడానికి ఆధారం ఏమిటి? మీరు ఇద్దరినే కనకుండా ఉండి ఉండవచ్చు. ఆధారం ఇస్తే గ్రామసభ ముందు పెడతాను.

ఒట్మార్ కెస్టింగ్

తా.క. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు తప్ప.

సెప్టెంబరు 5

కెస్టింగ్ గారికి,

మా అమ్మకు ముగ్గురం. మా అత్తగారికీ ముగ్గురే. ఒకరిని తగ్గించి రాస్తే అబద్ధమవుతుంది. సభ ఒప్పుకునేదాకా ప్రతి సోమవారం మీ కిటికీ ముందు నిలబడతాను.

విబ్కె హార్నిష్

తా.క. సోమవారం మీకు సెలవని తెలిసింది. మంగళవారం వస్తాను.

డిసెంబరు 3

శ్రీమతి హార్నిష్ గారికి,

మీ దరఖాస్తు సభలో అయిదు ఓట్ల మీద ఆరు ఓట్లతో నెగ్గిన సంగతి మీకు తెలుసు. ఆ తర్వాత మా ఆవిడ పుణ్యమా అని దరఖాస్తులు వెల్లువెత్తాయి. బేకరీ బ్రిగిట్టె నాలుగు అడిగింది. ఫాదర్ లుడ్గర్ తొమ్మిది అడిగారు. "అన్నెందుకు ఫాదర్?" అంటే, "మంచి ఆరోగ్యంగా ఉండేవాణ్ణి" అన్నారు. తొంభై ఆరు మొక్కలు నాటాం. వాలు నిండిపోయింది.

చిక్కేమిటంటే, మొన్న మంగళవారం ఊళ్లో నిజంగానే ఒక పాప పుట్టింది. మొక్కకు చోటు లేదు. మీ మూడింటిలో ఒకటి వదులుకోగలరా?

ఒట్మార్ కెస్టింగ్

తా.క. పాప నా మనవరాలు. మూడు కిలోల రెండు వందల గ్రాములు. ఇది ఫైలులో పెట్టను.

డిసెంబరు 6

కెస్టింగ్ గారికి,

మీ మనవరాలు చల్లగా ఉండాలి. మొక్క మాత్రం వదులుకోను. ఈ వారం వానకు వాలు మట్టి వీధిదాకా రాలేదు. అక్కడినుంచి ఒక్క వేరు కూడా పీకనివ్వను.

మా వంటింటి కిటికీ ముందు ఒక చెట్టుకు చోటుంది. పాప మొక్క అక్కడ పెట్టండి. నీళ్లు నేను పోస్తాను. పిల్లల విషయంలో నా నిర్ణయం మారిందని మాత్రం మీ ఆవిడకు చెప్పకండి. మారలేదు. శనివారం పార తీసుకుని రండి.

విబ్కె హార్నిష్

తా.క. పాప పెద్దయ్యాక వాలు మీద అన్ని చెట్లు ఎవరివని అడుగుతుంది. మీరు నిబంధన చదివి వినిపించకండి. నా దగ్గరికి పంపండి. "నీకు చోటు వదిలినవాళ్లవి" అని చెబుతాను.