వరస కలవని సంబంధం

చిరంజీవి నీహారికను దీవించి అమ్మ రాయునది. చిలకలగూడలో అందరం బాగున్నాం. పుణెలో నీకు నీళ్ల ఇబ్బంది తీరిందని రాశావు, సంతోషం. అమ్మమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. మందు మానేసినందుకే తగ్గిందని వాదిస్తోంది.

ఇక నువ్వు అడిగిన మాట. కల్పలత అత్త తనంతట తానే నిన్ను తన కొడుకు సత్యదేవ్‌కు అడిగింది, నీకూ ఇష్టమే. అమ్మమ్మ ఎందుకు వద్దంటోంది? కల్పలత అత్త వాళ్లమ్మ రాజ్యం చనిపోయినా, ఆ ఆడబిడ్డ మీద పగ ఇంకా పోలేదా?

నేనూ పగే అనుకున్నాను. ఆదివారం చిక్కుడుకాయలు ఒలుస్తుంటే నీ ఉత్తరం చదివి వినిపించి, గట్టిగానే అడిగాను.

"అప్పుడు కల్పలతను హరికిషన్ అన్నకు ఇస్తానని రాజ్యం అత్తయ్య తాంబూలం పట్టుకొస్తే వాకిట్లకెల్లే పంపించినవ్. ఇప్పుడు నా బిడ్డ పెండ్లి సుత చెడగొడ్తవా?"

"పిల్ల ఇష్టమని రాసిందా?"

"రాసింది."

"అయితే చెప్పక తప్పదు."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నేను పుట్టిన రోజే, ఈ ఇంట్లోనే, పక్క గదిలో రాజ్యం అత్తయ్యకూ కాన్పయింది. అంతకుముందు ఆమెకు ఇద్దరు బిడ్డలు పోయారు. ఆ బిడ్డ కూడా దక్కలేదు. ఆమెకు స్పృహ లేదు. అమ్మకు కవలలు, ఇద్దరమూ ఆడపిల్లలం. ముందు పుట్టిన పిల్లను అమ్మే మంత్రసాని చేతికిచ్చి, రాజ్యం పక్కలో పడుకోబెట్టమంది. ఆ సంగతి మా నాయనమ్మకు తెలుసు. నాన్నకు తెలియదు. రాజ్యం అత్తయ్యకూ తెలియదు.

కల్పలత నాకు తోడబుట్టిన అక్క. హరికిషన్ మామకు సొంత చెల్లెలు. మేనరికమని మురిసిపోతూ వచ్చిన ఆడబిడ్డకు అమ్మ ఏ కారణం చెప్పగలదు? "నీ పిల్ల నల్లగుంది, మాకొద్దు" అందట. రాజ్యం అత్తయ్య మళ్లీ పుట్టింటి గడప తొక్కలేదు.

"అప్పుడే నిజం చెప్పకపోయినవా అమ్మా?"

"చెప్తే రాజ్యం ఒళ్లె పిల్ల ఉంటదా? నన్ను తిడితే తిట్టనీ అనుకున్న. కానీ నల్లగుందన్న మాట అనకుండ ఉండాల్సింది. పిల్ల వాకిట్ల నిలబడి విన్నది."

చుట్టాలంతా రాతి గుండె అన్న మనిషి ఈమే. పుట్టినప్పటి నుంచీ ఈమెతోనే ఉన్నాను, నాకేమీ తెలియదు. ఆమె మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది.

నీహారికా, సత్యదేవ్ నీకు అన్న అవుతాడు. ఇది చదివి నువ్వెలా ఉంటావో ఊహించగలను. ఎల్లుండి బయలుదేరి నీ దగ్గరికి వస్తున్నాను.

జాతకాలు కలవలేదని కల్పలతకు చెప్పి వస్తానన్నాను. అమ్మమ్మ ఒప్పుకోలేదు.

"రాజ్యం లేదిప్పుడు. ఇంకెవరి కోసం దాస్తవ్? మల్ల సాకు చెప్పి ఆ పిల్లను బాధ పెట్టకు. నేనే చెప్త."

"కల్పలత కొడ్తదేమోనే."

"కొట్టనీ. నా బిడ్డనే గద."

ఇది రాస్తుండగానే, కల్పలత ఇంటికి వెళ్లడానికి ఆటో వచ్చింది. నా కోసం ఆగకుండా ఎక్కి కూర్చుని, "సీతాఫల్‌మండి పోనియ్ బిడ్డా, జెర జల్ది" అంటోంది.

ఇట్లు,
దీవెనలతో మీ అమ్మ,
సుమిత్ర